కూనిరాగం కాగితమెక్కాలంటే...

కూరలు తరుగుతూనో, పసివాణ్ణి ఒళ్ళో వేసుకుని జోకొడుతూనో, డాబా మీద బట్టలు ఆరేస్తూనో కూనిరాగం తీయని ఆడవాళ్ళుంటారా? ఒక్కోసారి ఆ కూనిరాగం ఏ సినిమా పాటా కాదు, ఏ కీర్తనా కాదు. మనకే తెలియకుండా మన నోట పుట్టిన కొత్త వరస! "భలే ఉందే!" అనుకుంటాం. ఇంతలో కుక్కరు కూత వేస్తుంది. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి తలుపు తడతాడు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని మళ్ళీ పాడబోతే నాలుక చివర ఉన్నట్టే ఉంటుంది కానీ ఆ వరస బయటికి రాదు.

"పోతే పోయిందిలే, మనమేమైనా సంగీత విద్వాంసులమా?" అని సరిపెట్టుకుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు పాడిన జోలలు, మంగళ హారతులు, అప్పగింతల పాటలు ఎవరు కట్టారు? చాలావాటికి కర్త పేరే లేదు. మాటలు కొన్ని పాత నోటుపుస్తకాల్లో మిగిలాయి. వరసలు మాత్రం చాలావరకు పాడినవాళ్ళతోనే వెళ్ళిపోయాయి.

మన వరసలకూ ఆ గతి పట్టనక్కరలేదు. పిల్లల చదువు కోసం ఇంట్లోకి తెచ్చిన కంప్యూటరు ఉందా? సరిగమలు ఏ కాస్తో తెలుసా? అయితే మీ వరసను మీరే రాసుకోవచ్చు, విని దిద్దుకోవచ్చు, అచ్చు తీసి నలుగురికీ పంచవచ్చు. గురువు దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకోలేదే అన్న బెంగ అక్కరలేదు. కావలసింది రోజుకో అరగంట, కాస్త ఓపిక.

రాయని వరస నిలవదు

వరస రాసి పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి అన్నమాచార్యుల సంకీర్తనల కంటే పెద్ద ఉదాహరణ లేదు. తిరుమల రాగిరేకుల మీద వేల కొద్దీ పాటల సాహిత్యం దొరికింది. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంది. స్వరాలు మాత్రం లేవు! అందుకే ఈనాడు మనం వినే అన్నమయ్య పాటల్లో చాలావాటికి వరసలు కట్టినవారు ఇరవయ్యో శతాబ్దపు పెద్దలే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు పూనుకోబట్టి అవి మళ్ళీ పాటలయ్యాయి. అన్నమయ్య తానుగా ఎలా పాడారో మనకు తెలిసే దారి లేదు.

ఇంకోవైపు ముత్తుస్వామి దీక్షితుల కృతులు చూడండి. ఆ వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే ఉద్గ్రంథం వెలువరించారు. రెండు వందలకు పైగా దీక్షితుల కృతులను స్వరాలతో, గమకాల గుర్తులతో సహా అందులో అచ్చువేయించారు. అదీ మన తెలుగు లిపిలో! ఆ పనికి ఆయన్ను పురికొల్పిన చిన్నస్వామి మొదలియారు అంతకుముందే, 1893లో, మన సంగీతాన్ని ఐరోపా పద్ధతిలో ఐదు గీతల మీద రాసి ప్రచురించారు. అంటే మన వరసలను 'స్టాఫ్ నొటేషన్'లో రాయడం ఈనాటి వింత కాదన్నమాట. ఇళయరాజా తన స్వరాలను అదే పద్ధతిలో కాగితం మీద రాసి వాద్యబృందానికి ఇస్తారన్నది అందరికీ తెలిసినదే.

ఇక ఆడవాళ్ళ సంగతి. పాడటానికి మనల్ని పిలిచినంతగా వరస కట్టడానికి పిలవలేదు. తెలుగు సినిమాల్లో సంగీత దర్శకురాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1954లో 'చక్రపాణి'కి భానుమతి, 1968లో 'చిన్నారి పాపలు'కు పి. లీల, 1995లో 'తాజ్‌మహల్'కు ఎం.ఎం. శ్రీలేఖ... ఇలా కొద్దిమందే గుర్తొస్తారు. ఇళ్ళలో వరసలు కట్టిన ఆడవాళ్ళు లేకనా? ఉన్నారు. రాసి, కింద పేరు పెట్టుకోలేదు, అంతే.

చట్టం కూడా ఒకప్పుడు రాతనే అడిగేది. 1957 నాటి కాపీరైటు చట్టం మొదట్లో రాసినదో, అచ్చయినదో అయితేనే దాన్ని 'సంగీత కృతి' అంది. నోటితో కట్టిన వరసకు ఆ లెక్కలో చోటే లేదు! 1994లో చేసిన సవరణ 1995 మే నుంచి అమల్లోకి వచ్చాక ఆ నిబంధన పోయింది. ఇప్పుడు రాయకపోయినా హక్కు మీదే. అది మీ జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. అయినా "ఇది నేను కట్టింది" అని చూపించాలంటే తేదీతో సహా ఒక రాత ఉండటం ఎంతో మేలు.

ఏమేం కావాలి?

స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. వెల పెట్టి కొనేవాటి జోలికి మొదట్లోనే వెళ్ళకండి. 'మ్యూజ్‌స్కోర్' అనేది పూర్తిగా ఉచితం. 2002లో వెర్నర్ ష్వేర్ అనే ప్రోగ్రామరు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను తరువాత ఎందరో కలిసి పెంచుకుంటూ వచ్చారు. 2022 డిసెంబరులో నాలుగో పెద్ద రూపం విడుదలైంది. దించుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. చివర 'డాట్ ఆర్గ్' అని ఉన్న చోటు నుంచే తీసుకోండి. అదే పేరుతో 'డాట్ కామ్' అని ఉన్నది ఇతరులు రాసిన పాటల ప్రతులు దొరికే చోటు. అక్కడ చందా అడుగుతారు. వరస రాసుకోవడానికి ఆ చందా అవసరం లేదు.

కంప్యూటరు, ఒక జత ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు. పియానో కీబోర్డు కొననక్కరలేదు. మామూలు టైపింగ్ కీలతోనే స్వరాలు రాయవచ్చు. ఫోనులోని వాయిస్ రికార్డరును మాత్రం తప్పక వాడుకోండి. వరస తోచగానే, అది పొయ్యి దగ్గరైనా సరే, ముందు దాన్ని పాడి పెట్టుకోండి. రాత పని తీరిక దొరికాక.

సరిగమలు వస్తే సగం వచ్చినట్టే

ఐదు గీతలు చూడగానే కంగారు పడకండి. ముగ్గు వేయడానికి చుక్కలు పెట్టడం కంటే కష్టం కాదిది. స్వరం పైకి వెళితే చుక్క పై గీతకు ఎక్కుతుంది, కిందికి వస్తే దిగుతుంది. 'సి' అనే స్వరాన్ని మన 'స' అనుకుంటే రి-డి, గ-ఈ, మ-ఎఫ్, ప-జి, ద-ఏ, ని-బి అవుతాయి. ఈ ఏడూ కలిస్తే మన శంకరాభరణమే! ఏ గుర్తూ పెట్టకుండా వరసగా టైపు చేస్తే వచ్చేది అదే. సరళీ వరసల మాయామాళవగౌళ కావాలంటే రి, ద స్వరాలను అర మెట్టు దించాలి. ఆ స్వరాన్ని ఎంచుకుని కింది బాణం కీ ఒక్కసారి నొక్కితే దిగుతుంది. పై బాణం నొక్కితే అర మెట్టు ఎక్కుతుంది. శంకరాభరణంలో మధ్యమాన్ని అలా ఎక్కిస్తే కల్యాణి.

తాళాలూ అంతే. ఆదితాళం ఎనిమిది అక్షరాలు కదా, నాలుగేసి దెబ్బల గడులు రెండు పెట్టుకోండి. ఖండచాపుకు ఐదు బై ఎనిమిది, మిశ్రచాపుకు ఏడు బై ఎనిమిది అని ఎంచుకోవాలి. జోలపాటల్లోనూ కోలాటంలోనూ వినిపించే ఊగే నడకకు ఆరు బై ఎనిమిది.

మాటలోనే తాళం ఉంది

వరస కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలన్నదే కొత్తవాళ్ళ చిక్కు. తెలుగు వచ్చినవాళ్ళకు దీనికి ఒక సులువు ఉంది. బడిలో చదువుకున్న గురు లఘువులు గుర్తున్నాయా? పరీక్షలయ్యాక ఎందుకూ పనికిరావనుకున్న ఆ పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. అదే పాట నడక!

ఒక చిన్న మాట తీసుకుందాం: "వానజల్లు వచ్చెనే, వాకిలంత తడిసెనే". మొదటి పాదంలో 'వా' గురువు, 'న' లఘువు, వెంటే ద్విత్వం ఉంది కనుక 'జ' గురువు, 'ల్లు' లఘువు. అంటే మూడు, మూడు. తరువాత 'వ' గురువు, 'చ్చె' లఘువు, 'నే' గురువు. చివరి 'నే'ను ఇంకొక్క మాత్ర సాగదీస్తే మళ్ళీ మూడు, మూడు. మొత్తం పన్నెండు మాత్రలు. ఆరు బై ఎనిమిది గడులు రెండింటిలో చక్కగా ఇమిడిపోయింది. రెండో పాదంలో 'వాకిలంత' కూడా మూడు, మూడే. 'తడిసె' మూడు లఘువులు, 'నే' సాగదీసిన గురువు.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికి రండి. కొత్త ఫైలు తెరిచి వాయిద్యం దగ్గర వేణువు ఎంచుకోండి. తాళం దగ్గర ఆరు బై ఎనిమిది. పైన పాట పేరు, కట్టినవారి పేరు అడుగుతుంది. సిగ్గుపడకుండా మీ పేరు రాయండి! తరువాత 'ఎన్' కీ నొక్కితే రాయడానికి సిద్ధమైనట్టే. 4 అంకె నొక్కితే లఘువంత స్వరం, 5 నొక్కితే గురువంత స్వరం. 5 నొక్కి, ఫుల్‌స్టాప్ కీ కూడా నొక్కితే మూడు మాత్రల స్వరం. అంకె ముందు, స్వరాక్షరం తరువాత. అంతే లెక్క.

మోహన రాగంలో ప్రయత్నిద్దాం. 'వా' గ, 'న' గ, 'జ' ప, 'ల్లు' గ. 'వ' రి, 'చ్చె' గ, 'నే' ప. రెండో పాదానికి 'వా' ప, 'కి' ద, 'లం' ప, 'త' గ. 'త' రి, 'డి' గ, 'సె' రి, 'నే' స. రాయడం అయ్యాక 'ఎన్' కీ మళ్ళీ నొక్కి, మొదటి స్వరాన్ని ఎంచుకుని స్పేస్ బారు నొక్కండి. మీరు రాసినది మీకే వినిపిస్తుంది. ఏ స్వరమైనా పై స్థాయిలో పడితే కంట్రోల్ కీతో కింది బాణం నొక్కితే దిగుతుంది. కంట్రోల్, 'ఎల్' కలిపి నొక్కితే స్వరాల కింద సాహిత్యం రాసుకోవచ్చు. తెలుగు కీబోర్డు పెట్టుకుంటే తెలుగులోనే! అక్షరాలు సరిగా కనపడకపోతే ఫాంటు మార్చి చూడండి.

అడగడం, చెప్పడం

పై రెండు పాదాల్లో ఒక కిటుకు ఉంది, గమనించారా? మొదటిది పంచమం మీద ఆగింది. వింటే ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టుంటుంది. రెండోది షడ్జమం మీదికి వచ్చి కూర్చుంది. ఇంటికి చేరినట్టుంటుంది. ఒక పాదం అడిగితే ఇంకో పాదం జవాబు చెప్పాలి. కొత్తగా వరస కట్టేవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి సూత్రం ఇదే.

రెండో సూత్రం, తిరిగి రావడం. ప్రతి పాదంలోనూ కొత్త సంగతి పెడితే వినేవాళ్ళకు ఏదీ గుర్తుండదు. ఒకసారి వాడిన మలుపునే కాస్త మార్చి మళ్ళీ వాడండి. కంప్యూటరులో ఒక గడిని నకలు తీసి, చివరి రెండు స్వరాలు మాత్రం మార్చి చూడండి. ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

మూడోది, గొంతు కొలత. ఇంటిల్లిపాదీ పాడుకునే పాట ఎనిమిది, తొమ్మిది స్వరాల మధ్యనే తిరగాలి. చరణంలో ఒక్కచోట పై షడ్జమం తాకితే చాలు, పాట లేచి నిలబడుతుంది. శృతి గురించి దిగులు వద్దు. 'సి'లో రాసుకున్న వరసను 'ట్రాన్స్‌పోజ్' అనే సదుపాయంతో మీ ఐదో శృతికి, అంటే 'జి'కి, ఒక్క నిమిషంలో దించుకోవచ్చు.

ఇంకో సరదా. పై వరసలో 'గ' ఉన్న ప్రతిచోటా దాన్ని అర మెట్టు దించి మళ్ళీ వినండి. మోహన కాస్తా శివరంజని అయిపోతుంది. అవే మాటలు, అదే నడక. కానీ వాకిట్లో వాన కళ్ళలోకి వచ్చినట్టుంటుంది! ఒక్క స్వరం మనసును ఎలా తిప్పుతుందో ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. చేసి, విని, మళ్ళీ మార్చుకునే వీలుండటమే ఈ సాఫ్ట్‌వేరు మనకిచ్చే గురుత్వం.

నాలుగు వారాల పాఠం

మొదటి వారం: సొంతంగా ఏమీ కట్టకండి. సరళీ వరసలు, తెలిసిన గీతం ఒకటి టైపు చేసి వినండి. చేయి అలవాటు పడాలి.

రెండో వారం: బాగా నోటికి వచ్చిన పాట పల్లవి ఒకటి తీసుకుని చెవితో స్వరాలు పట్టి రాయండి. తప్పు రాస్తే వినగానే తెలిసిపోతుంది. చెవికి ఇంతకు మించిన సాధన లేదు. మీ అమ్మగారో అత్తగారో పాడే పాత హారతి పాట అయితే మరీ మంచిది. సాధనకు సాధన, ఆ వరసా దక్కుతుంది.

మూడో వారం: రెండు పాదాలు మీవి. మాటలు ఏవైనా సరే, పాప పుట్టినరోజు మీదైనా, పెరట్లో మల్లెపందిరి మీదైనా. ఒక్క రాగం, ఐదు స్వరాలే పెట్టుకోండి. ముడిసరుకు తక్కువైతేనే వంట త్వరగా వస్తుంది.

నాలుగో వారం: పల్లవి, ఒక చరణం. రెండో వాయిద్యం ఒకటి చేర్చి, కింది స్థాయి స, ప స్వరాలను పొడుగ్గా సాగదీసి తంబురలా పెట్టండి. వరస ఆ శృతి మీద నిలబడుతుందో లేదో వినండి.

కంప్యూటరుకు రానిది

అన్నీ అదే చేసేస్తుందనుకోకండి. ముందుగా గమకం. సాఫ్ట్‌వేరు ప్రతి స్వరాన్నీ మెట్టు మీద మెట్టులా పలికిస్తుంది. మన సంగీతంలో స్వరం ఊగుతుంది, జారుతుంది. అందుకే మోహన, శంకరాభరణం, హంసధ్వని వంటి రాగాలు కాస్త తిన్నగా వినిపించినా, తోడి రాస్తే తోడిలాగే ఉండదు. అది మీ తప్పు కాదు. కాగితం మీద ఉండేది పాటకు ఎముకల గూడు. కండా, ప్రాణం గొంతు పోయాలి. గమకం ముఖ్యమైన చోట ఫైలుతోపాటు మీ గొంతు రికార్డింగు కూడా దాచండి.

రెండోది, కంప్యూటరుకు ఊపిరి తీసుకునే పని లేదు. పదహారు స్వరాలు గుక్క తిప్పకుండా వాయించేస్తుంది. మనం పాడబోతే ఆయాసం! కనుక రాసిన ప్రతి పాదాన్నీ పైకి పాడి చూడండి. మీరు పాడలేనిది పాట కాదని గుర్తుపెట్టుకోండి. మూడోది, వాయిద్యాల మోజు. వయొలిన్లు, డ్రమ్ములు కలిపితే ఏ వరసైనా గొప్పగానే వినిపిస్తుంది. వేణువు ఒక్కదాని మీద నిలబడితేనే అది మంచి వరస.

ఈ మధ్య నాలుగు మాటలు చెబితే క్షణంలో పాట తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇంత శ్రమ ఎందుకు అనవచ్చు. బజారులో ఆవకాయ సీసాలు దొరుకుతున్నాయని ఇంట్లో జాడీ పెట్టడం మానేశామా? ఆ పాట బాగుండవచ్చు. మీ పసివాణ్ణి ఊపుతుంటే మీ నోట పుట్టిన వరస మాత్రం అది కాదు.

దాచే తీరూ తెలియాలి

1988 నుంచి ప్రపంచమంతా వాడిన 'ఫినాలే' అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌ను ఇక పెంచబోమని దాని తయారీదారులు 2024లో ప్రకటించారు. అందులో దశాబ్దాలుగా పాటలు దాచుకున్నవాళ్ళు వాటిని వేరే చోటికి మార్చుకోవలసి వచ్చింది. కనుక ఒక్క ఫైలును నమ్ముకోకండి. పాట పూర్తికాగానే 'ఎక్స్‌పోర్ట్' నొక్కి మూడు రూపాల్లో దాచండి: అచ్చుకు పీడీఎఫ్, వినడానికి ఎంపీ3, రేపు ఇంకో సాఫ్ట్‌వేరులో తెరవడానికి 'మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్'. ఆ పైన ఒక ప్రతి అచ్చు తీసి, పాట పేరు, రాగం, మీ పేరు, తేదీ వేసి, పెళ్ళి ఆల్బములు దాచే బీరువాలోనే పెట్టండి.

కీబోర్డు నేర్చుకుంటున్న మీ మనవరాలు ఏ ఇరవై ఏళ్ళ తరువాతో ఆ కాగితం తీస్తుంది. ఐదు గీతల మీద చుక్కలు చూసి వాయిస్తుంది. అమ్మమ్మ ఎలా పాడేదో ఎవరినీ అడగనక్కరలేదు. ఈ వారం మీ నోట ఏ కొత్త వరస పలికినా పోనివ్వకండి. ముందు ఫోనులో పట్టండి, తరువాత కాగితమెక్కించండి!